సంఘం కాయాల్సిన వాగు

ఇస్నాపూర్ చౌరస్తాలో జాతీయ రహదారి దిగి మళ్లితే పాశమైలారం పారిశ్రామికవాడ దారి. 2025 జూన్ 30న ఆ పాశమైలారంలోనే ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను పొట్టనపెట్టుకుంది. ఆ రోజు దేశమంతా ఇటు చూసింది. నలభై ఏళ్లుగా ఇక్కడి బోర్లలో, మళ్లలో, మనుషుల ఒళ్లలో ఇంకుతున్న విషాన్ని మాత్రం అంత కలవరంతో ఎవరూ చూడలేదు. సృష్టిని దేవుడి సొత్తుగా నమ్మే క్రైస్తవ సంఘాలు ఈ ఊళ్లలోనే ఉన్నాయి. వాటి బాధ్యత ఏమిటో అడగాల్సిన చోటు ఇదే.

పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ మందుల ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ వాటి మురుగు నక్కవాగులో కలిసి మంజీర నదికి చేరింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ, రోగుల ఒంట్లోనే వాగు సంగతి చదివిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఊళ్లను కూడగట్టి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి, తీర్పు వచ్చేసరికి 2017 అయింది. ఈలోగా ఒక తరం పెరిగి పెద్దయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. అదీ శుద్ధి చేశాక వదిలిన నీటిలో! తర్వాత ఆ నీటిని గొట్టాల్లో హైదరాబాద్‌లోని అంబర్‌పేటకు, అక్కణ్నుంచి మూసీకి మళ్లించారు. మన వాకిట్లో చెత్త ఊడ్చి పొరుగు వాకిట్లో పోసినట్టయింది.

భూమిని ఏలమని దేవుడు మనిషికి చెప్పినట్టున్న ఆదికాండం మాటే ప్రకృతి విధ్వంసానికి మూలమని 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు క్రైస్తవాన్ని నిలదీశాడు. ఆ నింద పూర్తిగా అబద్ధమని నేను అనను. కానీ ఆ గ్రంథంలోనే రెండో అధ్యాయంలో మనిషికి అప్పగించిన పని వేరు: తోటను సాగు చేయాలి, కాయాలి. కాయడమంటే ఏమిటో మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జొన్న కంకి పాలుపోసుకునే వేళ మంచె ఎక్కి వడిసెల తిప్పాలి, గొంతు పోయేలా కేకలేసి పిట్టల్ని తోలాలి, రాత్రి పందుల అలికిడికి మేలుకోవాలి. కావలివాడు కునుకు తీస్తే చేను దక్కదు. సంఘాలు ఈ మంచె ఎక్కాయా? జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన మోకరించాయి, నిజమే. జబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో గట్టిగా అడిగిన గొంతులు తక్కువ.

యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం ఇస్నాపూర్‌లో చదివితే ఒళ్లు జలదరిస్తుంది. బలిసిన గొర్రెలు తేటనీళ్లు తాగి, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకబారిస్తే, ఆ బురదనే బక్కగొర్రెలు తాగాల్సి వస్తోందని దేవుడు తీర్పుకు నిలబడతాడు. నీళ్లు పాడుచేయడాన్ని ఆ ప్రవక్త శుభ్రత లోపంగా చూడలేదు, బలహీనుడి మీద అన్యాయంగా చూశాడు. పిత్రార్జితం అమ్మనన్నందుకు ప్రాణం పోగొట్టుకున్న బైబిల్లోని నాబోతు కథలోనూ ఉన్నది నేల గొడవే.

బలహీనుల పక్షాన నిలబడడం ఈ ప్రాంత సంఘాలకు కొత్త పాఠమూ కాదు. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో మహాదేవాలయం కట్టించింది కరువుకాలంలో, ఆకలిగొన్నవాళ్లకు పని చూపి తిండి పెడుతూ. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. నక్కవాగు కలిశాక మంజీర పారేది ఆ మెదక్ జిల్లాలోకే.

1989లో ఆర్థడాక్స్ పీఠం సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే దినంగా ప్రకటించింది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ సృష్టిని కాపాడడం మీదే విశ్వలేఖ రాశారు. దక్షిణ ఇండియా సంఘం జూన్‌లో పర్యావరణ ఆదివారం జరుపుతుంది. ఆ రోజు మొక్కలు నాటడం మంచిదే. కానీ ఏ బోరు నీళ్లతో వాటిని బతికిస్తాం? ఇస్నాపూర్ చుట్టుపక్కల సంఘం ముందు చేయాల్సింది తన సభ్యుల ఇళ్ల బోర్ల నీటిని ఏటా పరీక్ష చేయించి, ఫలితాన్ని గుడి గోడకు అంటించడం. అర్ధరాత్రి ఘాటు వాసన వస్తే తేదీ, గంట రాసిపెట్టి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయడం. ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన చోట పాస్టరు గారు కూడా మైకు దగ్గరికి నడవడం. ఫ్యాక్టరీ ఇచ్చే విరాళంతో ప్రహరీ కట్టుకున్న సంఘానికి ఆ నడక కష్టమవుతుంది, కాబట్టి ఆ విరాళం వద్దనడం.

కంపెనీ మూతపడితే మా పొయ్యి ఎట్లా వెలుగుతుందని సభ్యులు అడుగుతారు. అడగాలి కూడా. కొడుకు నైట్ షిఫ్టులో ఉన్న తల్లి ఆదివారం అతని ఉద్యోగం కోసం, ఇంట్లో మనవరాలి దద్దుర్లు తగ్గడం కోసం ఒకే ప్రార్థనలో వేడుకుంటుంది. రెంటిలో ఒకటి ఎంచుకోమని ఆమెకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. మురుగును సరిగ్గా శుద్ధి చేయడానికయ్యే ఖర్చు ఫ్యాక్టరీ లెక్కల్లో ఉండాలి. ఆ ఖర్చు తప్పించుకున్న ప్రతిసారీ దాన్ని ఆ తల్లే మందుల దుకాణంలో కడుతోంది.