గోడ మీద రాత చెరిపేద్దాం

ఈ వ్యాసం చదివాక కొందరికి నా మీద కోపం రావచ్చు. ఇందులో నా తప్పు కూడా ఉంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా బడి చిన్నది. తొమ్మిదో తరగతిలో మేం మొత్తం పంతొమ్మిది మందిమి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం ఎనిమిది మందిమి. ఆరుగురిది కువి, ముగ్గురిది దేశియా, ఒకడిది ఒడియా. వ్యాపారం మీద వచ్చిన ఒక కుటుంబం అమ్మాయిది హిందీ. ఇంటర్వెల్ గంట కొట్టగానే మా వరండా బంధుగాం సంతలా ఉండేది, అన్ని మాటలూ కలిసిపోయి. "ఉండేది" అని ఎందుకు అంటున్నానంటే, ఇప్పుడు అలా లేదు.

పోయిన జూన్‌లో వరండా గోడ మీద నీలం రంగుతో "తెలుగులోనే మాట్లాడవలెను" అని రాయించారు. కింద చిన్న నల్లబోర్డు పెట్టారు. వేరే భాష మాట్లాడినవాళ్ళ పేరు క్లాస్ లీడర్ దాని మీద రాయాలి. పేరుకి ఒక రూపాయి చొప్పున శుక్రవారం వసూలు. ఇంకో రూల్ కూడా ఉంది, అది ఎక్కడా రాయలేదు కానీ అందరికీ తెలుసు. బోర్డు మీద పేరున్నవాడు ఇంకొకడిని పట్టిస్తే వాడి పేరు చెరిపేస్తారు. దాంతో నెల తిరక్కుండానే అందరం ఒకరి వెనక ఒకరం చెవులు పెట్టుకుని తిరగడం నేర్చుకున్నాం.

జూన్ నుంచి దసరా దాకా ఆ లీడర్ని నేనే.

నా పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి మా క్లాసులో లెక్కల్లో ఫస్టు. వాళ్ళ తమ్ముడు రెండో తరగతి. పొద్దున్న ఇద్దరూ కొండ దిగి నడిచి వస్తారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక చెట్టు కింద కూర్చుని, పొద్దున్న చెప్పిన పాఠం వాడికి మళ్ళీ కువిలో చెప్పేది. అలా చెబుతుండగా ఆ అమ్మాయి పేరు నేను పదకొండు సార్లు రాశాను. తమ్ముడికి తీసివేతలు నేర్పినందుకు పదకొండు రూపాయలు! ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం నా చేతిరాత బాగుందని మురిసిపోయాను.

తర్వాత ఆమె చెప్పడం మానేసింది. ఒకరోజు రెండో తరగతిలో ఆ పిల్లాడు నిక్కరు తడుపుకున్నాడు. బయటికి వెళ్ళాలని అడగడానికి వాడికి తెలుగు రాదు, కువిలో అడిగితే బోర్డు భయం. పిల్లలు నవ్వారు. మర్నాడు వాడు రాలేదు, ఆ పై వారమూ రాలేదు. ఇప్పుడు మేకల వెంట తిరుగుతున్నాడు. అక్క మాత్రం వస్తోంది. నేను ఒకసారి, "తమ్ముడిని తీసుకురావే" అంటే, "నువ్వే కదా రాసీసినావు" అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

ఇక నా వాదన చెబుతాను.

మనం ఎవరం? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ కొరాపుట్ కొండలన్నీ మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. గీత గీశారు. ఇల్లు కదలకుండానే మన తాతలు ఇంకో రాష్ట్రం వాళ్ళయ్యారు, మన భాష మైనారిటీ భాష అయింది. అందుకే రాజ్యాంగం 30వ అధికరణం చూపించి ఇలాంటి బడులు పెట్టుకున్నాం. పోయిన ఏడు తెలుగు పుస్తకాలు సగం సంవత్సరం గడిచినా రాకపోతే పెద్దలు అర్జీ పెట్టారు. దాన్ని అందంగా రాసిపెట్టమని నాకే ఇచ్చారు. అందులో 350-ఎ అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణతో చేర్చారట. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని దాని సారాంశం. "పసిపిల్లలకు రాని భాషలో పాఠం చెబితే వారి మనసు చచ్చిపోతుంది" అని మన పెద్దలే ఆ అర్జీలో రాయించారు. నేను కన్నీళ్ళు పెట్టుకుని రాశాను.

ఆ మాటలో తెలుగు తీసేసి కువి పెట్టి చదవండి. ఏమైనా తేడా వస్తుందా? ఒడిశాలో మనం మైనారిటీ అయితే ఈ బడిలో వాళ్ళు మైనారిటీ. సర్కారు దగ్గర చేతులు జోడించి అడిగినదాన్ని, మన వరండాలో రూపాయి జరిమానాకి అమ్ముతున్నాం.

మాస్టారు ఒకరు నాతో అన్నారు: "అమ్మా, తెలుగు బాగా రావాలంటే తెలుగే మాట్లాడాలి. వాళ్ళ మంచికే కదా." ఆయన మంచి మనిషి, సాయంత్రం ఫీజు లేకుండా లెక్కలు చెబుతారు. కానీ ఈ విషయంలో ఆయనతో ఒప్పుకోను. మాట్లాడితే వస్తుంది, నిజమే. జరిమానా వేస్తే వచ్చేది మాట కాదు, మౌనం. జూన్‌కి ముందు ఆ కువి పిల్లలు తప్పులతో అయినా తెలుగు మాట్లాడేవారు. ఇప్పుడు తప్పొస్తే మధ్యలో కువి మాట దొర్లుతుందేమోనని అసలు నోరే ఎత్తడం లేదు. సాంఘిక శాస్త్రం క్లాసులో ప్రశ్న వేస్తే లేచే చేతులు లెక్కపెట్టండి, అన్నీ మా ఎనిమిది మందివే.

ఇలాంటిది మనమే కనిపెట్టామనుకోకండి. 19వ శతాబ్దంలో వేల్స్ దేశంలో కొన్ని బడుల్లో, తమ సొంత వెల్ష్ భాష మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారట. వాడు ఇంకొకడిని పట్టిస్తే అది రెండోవాడి మెడలోకి పోతుంది. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మనది చెక్క కాదు, సుద్దముక్క. అంతే తేడా.

తల్లిదండ్రుల్లో కొందరు "ఆ కొండ భాషతో మార్కులొస్తాయా?" అంటారు. ముందు ఆ భాష ఏమిటో చూడండి. తెలుగు, కువి, కుయి, గోండి, ఇవన్నీ ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మవి అని భాషాశాస్త్రం చెబుతుంది. మనం ఇల్లు అన్నదాన్ని వాళ్ళూ ఇల్లు అనే అంటారు. కన్నుని కను అంటారు. నేను అనడానికి నాను అంటారు. మా మామ్మ కూడా "నాను సెప్పినాను కదేటి" అంటుంది. మామ్మ అంటే ముద్దు, ఆ పిల్లాడు అంటే రూపాయి జరిమానా!

ఇంకొకటి. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేశాం. గిడుగు రామమూర్తి గారి ఫోటోకి దండ వేశాం, నేనే ఉపన్యాసం ఇచ్చాను. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ఆయన పోరాడారని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. కానీ ఆయన మనకి దగ్గర్లోని పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారనీ, సవర పిల్లలకు ఆ భాషలోనే పుస్తకాలు రాసి బడులు పెట్టించారనీ ఆ రోజు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అంత పెద్ద తెలుగు పండితుడు సవరవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు నేర్చుకున్నాడంటే, ఆయన తెలుగు ఏమైనా తరిగిపోయిందా? ఆ సభ అయిన మధ్యాహ్నమే నేను ఆ అమ్మాయి పేరు బోర్డు మీద రాశాను. అది ఏడోసారి.

చేయడం కష్టమని అనకండి. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే కువి, సవర, కొండ, కోయ వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తెచ్చారు, అవీ తెలుగు లిపిలో. ఒడిశాలో కూడా పది గిరిజన భాషల్లో పాఠాలు మొదలుపెట్టారు, వాటిలో కువి ఉంది. ప్రైవేటు బడికి అంత ఖర్చు పెట్టే స్తోమత లేదు, నాకు తెలుసు. మా నాన్న ఫీజు రెండు వాయిదాల్లో కడతాడు. నేను పుస్తకాలు అడగడం లేదు. బోర్డు తీసేయండి. ఒకటి, రెండు తరగతుల్లో పాఠం అర్థం కాని పిల్లలకి పెద్ద తరగతి కువి పిల్లలు రోజూ అరగంట చెప్పనివ్వండి. మంచినీళ్ళు కావాలి, బయటికి వెళ్ళాలి, కడుపునొప్పి, ఈ మూడు మాటలైనా టీచర్లు కువిలో, దేశియాలో నేర్చుకోండి. మేం తెలుగు పిల్లలమూ నేర్చుకుంటాం. ఒక సాయంత్రం చాలు.

"అప్పుడు మన తెలుగు ఏమైపోతుంది?" అని అడిగేవాళ్ళకి నాదొక ప్రశ్న. బడిలో పిల్లలు తగ్గిపోతున్నారని ప్రతి సమావేశంలోనూ బాధపడతారు కదా, తెలుగిళ్ళ పిల్లలతో మాత్రమే ఈ బడి నడుస్తుందా? మా క్లాసులో పంతొమ్మిదిలోంచి ఎనిమిది ఉంచి మిగతావి తీసేసి చూడండి. ఆ పదకొండు మంది ఇంట్లో లేని భాషని కోరి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. మన భాషకి అంతకన్నా పెద్ద చుట్టాలు ఎవరుంటారు?

దసరా సెలవుల తర్వాత లీడర్ పని వద్దని చెప్పేశాను. ఇప్పుడు వేరే అబ్బాయి రాస్తున్నాడు, వాడినీ ఏమీ అనలేను. మొన్న సోమవారం నేను ఆ అమ్మాయిని కువిలో నీళ్ళు అడిగాను. తప్పుగా అన్నానట, నవ్వి సరిదిద్దింది. చాలా రోజులకి నవ్వింది. ఆ నవ్వు విని లీడర్ వచ్చాడు. బోర్డు మీద ఇప్పుడు మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. చెరిపించుకోవడానికి నేను ఎవరినీ పట్టించలేదు. శుక్రవారం నా రూపాయి ఇవ్వను. ఎందుకని అడిగితే వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో అందరి ముందూ చెబుతాను. ఆ పిల్లాడి అమ్మానాన్నలని కూడా ఆ రోజు పిలవండి. తెలుగులో చెప్పలేకపోతే వాళ్ళమ్మాయి పక్కన నిలబడి చెబుతుంది.