శిలాఫలకాల్లో కాపురం ఉండమంటారా?

లక్ష ఇళ్లు. 2016 గ్రేటర్ ఎన్నికల ముందు హైదరాబాద్ పేదలకు చెప్పిన లెక్క అది. అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్‌ వాళ్లు 150 డివిజన్లలో 99 గెలిచారు. ఓట్ల లెక్క ఒక్క రోజులో తేల్చుకున్నారు. ఇళ్ల లెక్క? నగరంలో పెద్ద ఎత్తున లాటరీ తీసి పంచడం మొదలైంది 2023 సెప్టెంబరులో, అంటే మళ్లీ ఎన్నికల గుమ్మంలో. మధ్యలో ఏడేళ్లు నెలనెలా అద్దె కట్టిందెవరు? ప్రకటన చేసిన పెద్దలా?

2020 సెప్టెంబరులో ఆ లక్ష ఇళ్లూ ఎక్కడున్నాయో చూపించమని అసెంబ్లీలో కాంగ్రెస్ నేత భట్టి విక్రమార్క సవాలు విసిరారు. మంత్రి తలసాని శ్రీనివాస్ యాదవ్ ఆయన ఇంటికే వెళ్లి, వెంటబెట్టుకుని సైట్లు తిప్పారు. రెండు రోజులకే ఆ యాత్ర ముగిసింది. లక్ష మాత్రం తేలలేదు. 2023 డిసెంబరులో అదే భట్టి ఉప ముఖ్యమంత్రి అయ్యారు, ఖజానా ఆయన చేతికే వచ్చింది. అయ్యా, అడిగే వంతు అయిపోయింది. చెప్పే వంతు మీది.

మంజూరైతే ఒక లెక్క, ముగ్గు పోస్తే ఒక లెక్క, స్లాబు పడితే ఒక లెక్క. ఒకే ఇంటిని మూడుసార్లు చూపించి మూడుసార్లు చప్పట్లు కొట్టించుకునే ఈ మోసంలో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. 2022 నాటికి అందరికీ ఇల్లు అన్న కేంద్రం కూడా గడువును జరుపుకుంటూనే పోయింది. పొయ్యి వెలగని ఇల్లు ఇల్లు కాదు. అది కాంట్రాక్టరు బిల్లు.

చేతకాక కాదు. సికింద్రాబాద్ బోయిగూడలో ఐడీహెచ్ కాలనీ చూడండి. పాత ఇళ్లు కూల్చిన చోటే 396 ఇళ్లు కట్టారు, పాతవాళ్లకే ఇచ్చారు. పని, బడి, ఆసుపత్రి ఎక్కడివక్కడే ఉన్నాయి. అదే నమూనా అని ఊరంతా చాటి, తర్వాత చేసిందేమిటి? 2023 జూన్‌లో సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. బోరబండలో నాలుగిళ్లలో పని చేసుకునే మనిషికి అక్కడ తాళంచెవి ఇచ్చారనుకోండి. తెల్లవారకముందే బయల్దేరి బస్సులు మారుతూ రావాలి. వచ్చిన కూలిలో ఛార్జీలు పోనూ మిగిలేదెంత? పని మానుకోవాలి, లేదంటే ఇంటికి తాళం వేసి మళ్లీ బస్తీలో అద్దెకు దిగాలి. ఊళ్లో జాగా లేదంటారా? ఆ ఏడాది ఆగస్టులోనే కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటించి వేలం వేశారు. వేలానికి దొరికిన భూమి పేదవాడికి ఎందుకు దొరకదు?

కొత్త ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్లంది. నియోజకవర్గానికి 3,500, ఇంటికి 5 లక్షలు. మంచిదే. కానీ మొదటి విడత సొంత జాగా ఉన్నవాళ్లకే. సొంత జాగా ఉంటే బస్తీలో రేకుల గదికి అద్దె ఎందుకు కడతాడు? నగర పేదను ఒక్క నిబంధనతో గడప బయటే నిలబెట్టారు.

ఇక మీరు. అవును, చదువుతున్న మీరే. ఉచితాలతో రాష్ట్రం మునిగిపోతోందని వాపోతారు. అనుమతి లేని లేఅవుట్‌లో మీరు కొన్న ప్లాటును ఎల్‌ఆర్‌ఎస్ కింద సక్రమం చేయించుకుంటారు. మీది క్రమబద్ధీకరణ, బస్తీవాడిది కబ్జానా? మీ అంట్లు తోమే మనిషి ఏ గదిలో, ఎంత అద్దెకు ఉంటోందో ఒక్కసారైనా అడిగారా?

74వ రాజ్యాంగ సవరణ మురికివాడల అభివృద్ధిని మున్సిపాలిటీల జాబితాలో పెట్టింది. అయినా మీ డివిజన్‌కు ఎన్ని ఇళ్లు కావాలో నిర్ణయించే అధికారం మీ కార్పొరేటర్‌కు లేదు. ఆయన దాన్ని అడగడు, మీరు ఆయన్ని అడగరు.

అడగండి. ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద నాలుగు అంకెలు రాయించండి: మంజూరైనవి, పూర్తయినవి, ఇచ్చినవి, మనుషులు కాపురం ఉంటున్నవి. మొదటి మూడూ వాళ్ల ప్రచారానికి పనికొస్తాయి. ఓటడగడానికి వచ్చినవాణ్ని నాలుగోది చెప్పమనండి. నీళ్లు నమిలితే గుమ్మం దిగమనండి.