కప్పుకొక కండువా

ఇంటిపైన వేసేదాన్ని మనవాళ్లు ‘కప్పు’ అన్నారు. చలికి మనం దుప్పటి కప్పుకున్నట్టే యిల్లు పెంకులు కప్పుకుంటుందన్నమాట. మాట బాగానే వుంది గాని, మా చిత్తూరు సీమ యెండలకు కావలసింది దుప్పటి కాదు, గొడుగు!

ఐరాలలో మాది బంగళాపెంకుల యిల్లు. 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన ప్లెబ్‌స్ట్ దొర మంగుళూరులో కార్ఖానా పెట్టింది మొదలు దక్షిణదేశమంతా పాకిన పెంకు అది. దాని కింద చెక్క అటక. చైత్రం వచ్చిందంటే ఆ అటక కింద మధ్యాహ్నం మా అమ్మ నడుం వాల్చలేదు. వయసు మళ్లిన ఒంటికి చెమటపట్టి చల్లబడే శక్తి తగ్గుతుంది, దాహమూ సరిగా తెలియదు. కనుక యిది సుఖం కోసం వచ్చిన చిక్కు కాదు.

“పీకేసి స్లాబు వేద్దామన్నా” అంటాడు తమ్ముడు. “నేను పోయినాక వేసుకోండి నాయనా” అంటుంది అమ్మ. తీర్పు నామీద పడింది.

కాగిన పెంకు కుంపటిలాగా కిందికి సెగ కొడుతుంది. మధ్యనున్న గాలికి దారిలేక అక్కడే మగ్గుతుంది. అటక చెక్క వేడెక్కి ఆ సెగను మనకు అందిస్తుంది. స్లాబైనా తక్కువదేమీ కాదు, పగలు మింగిన యెండను రాత్రి కక్కుతుంది. తెలంగాణా ప్రభుత్వం 2023లో చల్లని కప్పులకంటూ ఒక విధానమే తెచ్చింది. యెండను తిప్పికొట్టే తెల్లపూత అందులో ముఖ్యం. మిద్దెకు సున్నం కొట్టిన మన పెద్దలకు యిది కొత్త సంగతి కాదు.

పెంకుటింటికి మార్గం వేరు. ముందు పగిలిన పెంకులు మార్చాలి, పాత కరెంటు తీగలు చూపించాలి. తరువాత రెండు చివరల త్రికోణపు గోడల్లో జాలీలు పెట్టి వేడిగాలిని సాగనంపాలి. వాసాల కింద అల్యూమినియం రేకు కాగితం బిగించాలి. మెరిసే ముఖం కిందికి, ఖాళీవైపు వుండాలి. పైకి పెడితే దుమ్ముపడి దాని గుణం చెడుతుంది. చివరకు అటక చెక్కమీద కొబ్బరిపీచు పలకలు పరవాలి. వరిపొట్టు చవకే గాని, యెలుకలకు పండగ, నిప్పుకు విందు.

దూలం కదలదు, గోడ కూలదు. తమ్ముడికి ఖర్చు లెక్క చూపించాను, అమ్మకు రేకు చూపించాను. ఇద్దరూ తలూపారు.

మీ యింట్లోనూ అటక వుంటే, కూల్చేముందు ఒక మిట్టమధ్యాహ్నం నిచ్చెన వేసి తల లోపలపెట్టి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు “ఉక్క” అన్నప్పుడు యేమంటున్నారో అర్థమవుతుంది.