జెర్రిపోతునకు రంగొక్కటే కాదు

అమెరికాలో వేడుకకు పాములు పెంచువారు ఎలుకలు తిను పాములను సీమను బట్టి మెచ్చుకొందురు: ఉత్తరమున నల్లనిది, ఫ్లోరిడాలో నాలుగు చారల పసుపుది, అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలలలో నారింజవన్నెది. మన జెర్రిపోతునకును ఇట్టి భేదములు కలవు. మెట్టసీమలలో లేత గోధుమవన్నె, తేమగల అడవులలో ఇంచుమించు నలుపు. వారు రంగు చూచి మురియుదురు. మనమో, నల్లనిదానిని త్రాచని కొట్టుచున్నాము!

ఎలుకలను తిను ఈ పామునకు విషము లేదు, పడగ లేదు. పెదవులపై నల్లని గీతలు, తోకవైపు అడ్డపట్టెలు తరచుగా కనిపించును. రెండు పెనవేసుకొని లేచినచో త్రాచుతో జతకట్టెనందురు. అది సాధారణముగా రెండు మగ జెర్రిపోతుల పెనుగులాట.

పెంచుదమందురేమో! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పట్టుటయు, చంపుటయు నేరమే. గ్రామాధికారులు ఈ సంగతి చాటవలెను. మన మెచ్చుకోలు గట్టుమీదినుండియే, పది అడుగుల దూరమున.