వినోదవనంలో విస్తరి

మనిషిని సర్వం మరపించడానికి కట్టిన చోట కూడ మరపునకు లొంగనిది ఆకలి. థీమ్ పార్కు అని నేడు లోకమంతా పిలిచే వినోదవనంలో కోట ఉంటుంది, అందులో రాజు ఉండడు. కొండ ఉంటుంది, అది ఉక్కు చట్రం మీద సిమెంటు మెత్తి నిలిపినది. నది ఉంటుంది, దానికి పుట్టిన కొండా లేదు, కలిసే కడలీ లేదు. ఇన్ని కల్పనల నడుమ మిట్టమధ్యాహ్నం వేళ పిల్లవాడు తల్లి కొంగు పట్టుకొని ఆకలి అన్నాడంటే, ఆ ఒక్క మాట మాత్రం కల్పన కాదు. వానికి పెట్టే అన్నమూ కల్పన కావడానికి వీలులేదు. అందువల్లనే వినోదవనాలలో తినడానికి ఏ చోటు మేలైనది అన్న ప్రశ్న పైకి తేలికగా కనిపించినా, విచారించిన కొద్దీ లోతు తెలిసే ప్రశ్న.

ఈ ప్రశ్నకు లోకం సాధారణంగా చెప్పే సమాధానం ఒకటున్నది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1971లో తెరచిన వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్ళే కుటుంబాలలో చాలమంది మొదట కోరుకొనేది సిండరెల్లా కోటలోని భోజనశాలను. అక్కడ చోటు దొరకాలంటే రెండు నెలల ముందునుండే ప్రయత్నించవలసి ఉంటుంది. భోజనం నడుమ రాకుమార్తెల వేషాలు వేసినవారు వచ్చి పిల్లలను పలుకరిస్తారు. ముచ్చటైన సంగతే. కాని ఆ భోజనశాల చరిత్రలో ఒక చిన్న విడ్డూరం దాగి ఉన్నది. 1997కు పూర్వం దాని పేరు స్టీఫన్ రాజు విందుశాల. ఆ స్టీఫన్‌కు సిండరెల్లా కథతో సంబంధమే లేదు. డిస్నీ సంస్థ 1959లో విడుదల చేసిన నిద్రాసుందరి చిత్రంలో కథానాయిక తండ్రి అతడు. ఒక రాకుమారి కోటలో మరొక రాకుమారి తండ్రి పాతికేళ్ళపాటు విందులు చేస్తున్నా, వచ్చినవారి ఉత్సాహానికి కొరత రాలేదు. వారు కొనుక్కొన్నది కోట కప్పు క్రింద కూర్చున్నామన్న సంతోషాన్ని గనుక, విందు ఎవరిదైతేనేమి! వేషమే ప్రధానమైన చోట వంట వెనుకకు జరుగుతుంది.

భోజనశాలను మెచ్చుకోవడానికి కోట కప్పు చాలదు. మూడు గుణాలుంటేనే అది మంచి చోటు అనిపించుకోవాలి. వడ్డించే పదార్థానికి తనదైన పుట్టుక, ఒక నేల, ఒక చరిత్ర ఉండాలి. తినేవానిని టికెట్టు కొన్నవానిగా గాక అతిథిగా చూడాలి. చేతిలో డబ్బు తక్కువైనవాడు సైతం తలవంచుకోకుండ తినగలగాలి. ఈ మూడింటినీ పట్టి చూస్తే లోకం మెచ్చిన వరుస తారుమారవుతుంది.

మొదటి గుణానికి కాలిఫోర్నియాలోని బ్యూయెనా పార్కు పట్టణంలో ఉన్న నాట్స్ బెర్రీ ఫామ్ గొప్ప నిదర్శనం. అక్కడ ఉద్యానంలో భోజనశాల వెలియలేదు. భోజనశాల చుట్టూ ఉద్యానం వెలిసింది. వాల్టర్ నాట్, కార్డీలియా నాట్ దంపతులు బెర్రీ పండ్లు పండించుకొనే రైతులు. రుడాల్ఫ్ బాయ్‌సెన్ అనే ఆయన సంకరం చేసి, ఫలితం లేదని వదలివేసిన మొక్కలు ఎండిపోతూ ఉండగా వాల్టర్ వాటిని తెచ్చి బ్రతికించాడు. కాచిన పండ్లకు తన పేరు పెట్టుకోక, మొదట ఆ మొక్కను సృష్టించినవాని పేరు మీదనే బాయ్‌సెన్‌బెర్రీ అని వాటిని అమ్మాడు. ఆర్థిక మాంద్యం అమెరికాను పీడిస్తున్న 1934లో, పండ్లు కొనడానికి రోడ్డు ప్రక్కన ఆగేవారికి కార్డీలియా భోజనం కూడ పెట్టసాగింది. వేయించిన కోడిమాంసం, దానికి తోడు కూరలు, రొట్టె, పండ్లతో చేసిన తీపి వంటకం. మొదటి రోజు వచ్చినవారు ఎనిమిదిమంది. వెల 65 సెంట్లు. వారికి వడ్డించడానికి ఆమె బయటికి తీసినవి తన పెండ్లినాటి పింగాణీ పళ్ళాలు.

ఆ పళ్ళాలు ఏ గృహిణి అయినా చుట్టాలకోసం దాచుకొనేవి. డబ్బిచ్చి తినడానికి వచ్చిన బాటసారుల ముందు వాటిని పెట్టడంలోనే ఆమె వారిని ఏ దృష్టితో చూచిందో తెలుస్తుంది. త్వరలోనే జనం బారులు తీరారు. గంటల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. అట్లా వేచి ఉన్నవారికి పొద్దుపోవడానికై వాల్టర్ 1940లో పాతకాలపు పశ్చిమ అమెరికా పల్లెను పోలిన ఒక వీధిని కట్టనారంభించాడు. తరువాత రైలుబండి వచ్చింది, ఆటలు వచ్చాయి. చుట్టూ కంచె వేసి ప్రవేశరుసుము వసూలు చేయడం 1968లో గాని మొదలుకాలేదు. ఇప్పటికీ కార్డీలియా పేరు మోస్తున్న ఆ భోజనశాల ఉద్యానద్వారానికి వెలుపలనే ఉన్నది. అక్కడ తినడానికి ఆటల టికెట్టు అక్కరలేదు. తక్కినచోట్ల వినోదం నడుమ భోజనానికి కాస్త తీరిక చూచుకొంటారు. ఇక్కడ వినోదం పుట్టినదే భోజనం కోసం వేచి ఉన్నవారి తీరికలో.

రెండవ గుణమైన ఆతిథ్యాన్ని పెద్ద సంస్థలు పొరపాట్ల మీద పొరపాట్లు చేసి నేర్చుకోవలసి వచ్చింది. నాట్ దంపతుల ఊరికి దగ్గరలోనే అనాహైమ్‌లో నారింజతోటలు కొట్టివేసి కట్టిన డిస్నీలాండ్ 1955 జూలై 17న తెరచుకొన్నది. పిలిచినవారితోపాటు పిలువనివారు కూడ పెద్ద సంఖ్యలో వచ్చారు. భోజనశాలలలో పదార్థాలు అయిపోయాయి. కుళాయిల పనివారి సమ్మె వల్ల మరుగుదొడ్లో, మంచినీటి కుళాయిలో ఏదో ఒకటి మాత్రమే సిద్ధం కాగలదంటే, వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లను ఎంచుకొన్నాడు. ఎండ మండిపోయిన ఆ రోజున, శీతలపానీయాలు అమ్ముకోవడానికే నీళ్ళు లేకుండ చేశారని జనం గొణుక్కొన్నారు. నేడు అదే సంస్థకు అమెరికాలో ఉన్న ఉద్యానాలలో పానీయాలు అమ్మే ఫలహారశాలకు వెళ్ళి అడిగినవారికి గ్లాసుడు చల్లని నీళ్ళు ఊరకనే ఇస్తారు. చిన్న సంగతి వలె తోచినా, ఆ ఉద్యానాలలోని ఖరీదైన విందులన్నింటికంటె గౌరవించదగినది ఇదే.

1992లో పారిస్ నగరానికి సమీపంలో తెరచిన ఉద్యానంలో మరొక విధమైన పొరపాటు జరిగింది. ఐరోపావారు ఉదయం పెద్దగా తినరన్న మాట నమ్మి హోటళ్ళలో ఫలహారశాలలను చిన్నవిగా కట్టారు. తీరా చూస్తే ఉదయమే అందరూ బారులు తీరి నిలుచున్నారు. భోజనంతో ద్రాక్షసారాయం తీసుకోవడం తరతరాల ఆచారమైన దేశంలో, ఉద్యానం లోపల దానిని నిషేధించి, మరుసటి ఏడే నిషేధం తొలగించారు. అతిథి అలవాటేమిటో అడిగి తెలుసుకోకుండ పెట్టే విందు ఎంత ఘనమైనదైనా వానిని పరాయివానిగానే చూస్తుంది.

పుట్టుక, ఆతిథ్యం రెండూ ఒకేచోట కలిసిన భోజనశాల కావాలంటే తిరిగి ఫ్లోరిడాకే వెళ్ళాలి. అయితే కోటలోనికి కాదు. అక్కడి ఉద్యానాలలో ఒకటైన ఎప్‌కాట్‌లో ఒక సరస్సు చుట్టూ 11 దేశాల మండపాలున్నాయి. 1982లో తొమ్మిదింటితో మొదలై, 1984లో మొరాకో, 1988లో నార్వే చేరాయి. ఫ్రాన్సు మండపంలోని భోజనశాలను స్థాపించినవారు పాల్ బొకూస్, రోజే వెర్జే, గాస్తోన్ లెనోత్ర్ వంటి ప్రఖ్యాత పాకశాస్త్రజ్ఞులు. ఒక పూట నడకలో పదకొండు దేశాల వంటలు చూడవచ్చునన్నది విద్యార్థికి ఆకర్షణీయమైన మాటే. అయితే ఆ పదకొండింటిలో భారతదేశం లేదు.

మండపం లేకపోయినా భారతదేశపు వంట మరొక దారిన అక్కడికి చేరింది. అదే విహారస్థలంలో 2001లో తెరచిన యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి అనే వసతిగృహానికి అనుబంధంగా 2009లో సనా అనే భోజనశాల వెలిసింది. స్వాహిలీ భాషలో ఆ మాటకు కళ అని అర్థం. కిటికీల అవతల పచ్చికబయలులో జిరాఫీలు, చారల గుర్రాలు మేస్తూ ఉంటాయి. ఇక్కడ ప్రసిద్ధి పొందినది రొట్టెల పళ్ళెం. నాన్, ఉల్లి కుల్చా, పనీరు పరాఠా వంటివి తందూరు పొయ్యిలో కాల్చి, వాటి ప్రక్కన మామిడి, చింతపండు, కొత్తిమీర పచ్చళ్ళు, వెల్లుల్లి ఊరగాయ, పెరుగుపచ్చడి మొదలైన తొమ్మిది రకాలు అమరుస్తారు.

ఆఫ్రికా పేరుతో కట్టిన చోట పరాఠా ఎందుకున్నదని అడిగే విద్యార్థి మంచి ప్రశ్నే అడిగినట్లు. హిందూ మహాసముద్రం మీద ఋతుపవనాల వెంట గుజరాతు వర్తకుల ఓడలు తూర్పు ఆఫ్రికా రేవులకు శతాబ్దాలపాటు తిరిగాయి. 1896లో మొంబాసా నుండి ఉగాండా దిశగా రైలుమార్గం వేయనారంభించినప్పుడు బ్రిటిషు ప్రభుత్వం భారతదేశం నుండి, ప్రధానంగా పంజాబు నుండి, 30,000కు పైగా కూలీలను తరలించింది. వారిలో రెండువేలమందికి పైగా ఆ పనిలోనే ప్రాణాలు విడిచారు. మిగిలినవారిలో కొందరు అక్కడనే స్థిరపడ్డారు. ఆ వర్తకుల, కూలీల వంటిళ్ళ నుండే చపాతీ స్వాహిలీవారి నిత్యాహారంలో భాగమైనది. ఊరగాయను వారు నేటికీ అచారి అంటారు. సనా పళ్ళెంలోని రొట్టె వెనుక ఇంత చరిత్ర ఉన్నది. దీనిని కోటలోని విందుతో పోల్చిచూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ కథ గోడల మీద ఉన్నది. ఇక్కడ కథ తినే రొట్టెలోనే ఉన్నది. పైగా ఇది వసతిగృహంలోనిది గనుక దీనికీ ఉద్యానపు టికెట్టు అక్కరలేదు. అమెరికాలో స్థిరపడిన బిడ్డలను చూడవచ్చి, మాంసం ముట్టక, బయట ఏమి తినాలో తోచని తెలుగు తల్లిదండ్రులకు ఇక్కడ పచ్చడితో రొట్టె దొరకడం చిన్న ఊరట కాదు.

ఇక మిగిలినది మూడవ గుణం. అందులో అన్నింటికంటె మేలైన చోటు ఏ భోజనశాలా కాదు. చెట్టు నీడన ఉన్న బల్ల. అమెరికాలోని డిస్నీ ఉద్యానాలలోనికి ఇంటినుండి తెచ్చుకొన్న ఆహారాన్ని, గాజు పాత్రలు మాత్రం లేకుండ, తీసుకొనిపోనిస్తారు. పులిహోర పొట్లం విప్పుకొని తినే కుటుంబాన్ని అక్కడ ఎవరూ ఆక్షేపించరు. టోక్యోలో లోపలికి రానివ్వకపోయినా, తెచ్చుకొన్నది తినడానికి ద్వారం వెలుపల ప్రత్యేక స్థలం ఏర్పరచారు. 2016లో తెరచిన షాంఘై ఉద్యానంలో మాత్రం 2017 నుండి బయటి తిండిని నిషేధించి, సంచులు వెదకి చూచేవారు. 2019లో ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని తెచ్చుకొన్న చిరుతిండిని ద్వారం వద్దనే అడ్డుకొన్నారు. ఆమె న్యాయస్థానానికి వెళ్ళింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ఉద్యానం నియమాన్ని సడలించి, తాము తినడానికి తెచ్చుకొన్నవాటిని, వేడిచేయవలసినవి, ఘాటైన వాసన గలవి వంటి కొన్నింటిని మినహాయించి, అనుమతించింది. రాజీలో ఆమెకు దక్కిన పరిహారం 50 యువాన్లు. సొమ్ము స్వల్పమే. కాని ఆమె పట్టుదల వల్ల ఆ తరువాత వచ్చిన తల్లులెందరో పిల్లల తినుబండారాలను దాచవలసిన అవసరం లేకపోయింది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. వేలమంది వచ్చే చోట శుభ్రత కాపాడాలి. భోజనశాలల మీద ఆదాయం లేకపోతే ప్రవేశరుసుము ఇంకా పెరుగుతుంది. అలంకారం కూడ పిల్లలకొక ఆనందమే అనవచ్చు. ఈ వాదాలను త్రోసివేయనక్కరలేదు. గాజు పాత్రలు వద్దనడం శుభ్రతకు, క్షేమానికి సంబంధించిన నియమం, దానిని కాదనేవారుండరు. మొత్తం అన్నమే వద్దనడం మాత్రం వ్యాపారం. ఏడాదంతా కూడబెట్టి నలుగురు బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చిన తండ్రి, లోపలి ధరలు చూచి పిల్లలకు కొని పెట్టి తాను ఆకలి లేదని చెప్పవలసి వస్తే, ఆ ఉద్యానం ఎంత అందమైనదైనా ఆ కుటుంబం విషయంలో విఫలమైనట్లే. అలంకారం ఆనందమే, అయితే అది ఆకలిని అడ్డుపెట్టుకొని అమ్మేది కారాదు.

విద్యార్థులను విహారయాత్రలకు తీసుకొనిపోయే ఉపాధ్యాయులకు ఈ విచారం పనికివస్తుంది. యాత్రాక్రమం వ్రాసేటప్పుడు చూడవలసిన వింతలన్నీ గంటలతో సహా వ్రాసి, చివర భోజనం అని ఒక్క మాట చేర్చడం అలవాటు. ఆ ఒక్క మాటకే ముందుగా స్థలం నిర్ణయించడం మంచిది. నీడ ఎక్కడున్నది, నీళ్ళు ఊరకనే ఇస్తారా, తెచ్చుకొన్న పొట్లాలు లోపలికి రానిస్తారా, డబ్బు తేలేని విద్యార్థి అందరితోపాటు కూర్చుండగలడా అన్న నాలుగు ప్రశ్నలు బయలుదేరకముందే అడగాలి. కొనుక్కొనేవారు ఒకవైపు, పొట్లం విప్పుకొనేవారు మరొకవైపు విడిపోకుండ అందరినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టాలి. ఆ పూట పెట్టిన పదార్థం ఏ నేలనుండి వచ్చినది, ఎవరి చేతుల మీదుగా వచ్చినది అని పిల్లలచేతనే అడిగించాలి. కార్డీలియా నాట్ ఎనిమిదిమంది బాటసారులకోసం పెండ్లిపళ్ళాలు బయటికి తీసినప్పుడు ఆమె దగ్గర కోటా లేదు, కొండా లేదు; వచ్చినవారిని కూర్చోబెట్టి మర్యాదగా వడ్డించాలన్న బుద్ధి ఉన్నది. వినోదవనాలు కట్టేవారైనా, వాటిని చూడబోయేవారైనా మొదట సిద్ధం చేసుకోవలసినది దానినే.