మారుమూల అని ఎవరన్నరు?

మిత్రుడొకాయన కథ రాసి, అభిప్రాయం చెప్పమని పంపించిండు. కథ జరిగేది మా కొడిమ్యాల వైపు. మొదటి వాక్యంలోనే 'అదొక మారుమూల పల్లె' అని ఉంది. ఆ తర్వాత తాళాలు పడ్డ ఇండ్లు, దుబాయిలో కొడుకు, ఎండిన చెరువు, చివర్ల చింతచెట్టు కింద కూచున్న ముసలవ్వ. కథ బాగనే నడిచింది. నేను మాత్రం ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయిన. ఆయనకు రాయాల్సిన జవాబు పెరిగి పెద్దదై ఇట్లా వ్యాసమైంది.

మారుమూల అంటే దేనికి దూరం? మా చిన్నమ్మ కరీంనగర్ దాటి ఎన్నడూ పోలేదు. కానీ సౌదీకి మనకు రెండున్నర గంటలు తేడా అనీ, దుబాయికి గంటన్నరే అనీ ఆమెకు తెలుసు. ఒక కొడుకు అక్కడ, ఒక కొడుకు ఇక్కడ. ఎవరు డ్యూటీ దిగి రూముకు వచ్చే టైమెప్పుడో ఆమె వేళ్ల మీద లెక్కేసి చెప్తది. మస్కట్, దమ్మామ్, బహ్రెయిన్, సోనాపూర్ క్యాంపు, ఈ పేర్లు మా ఊళ్లల్లో పక్క ఊరి పేర్లలాగ పలుకుతరు. అంతకు ముందటి తరం బొంబాయి, భీవండి పేర్లు పలికింది. అదే చిన్నమ్మను 'జగిత్యాల బస్సు ఎప్పుడొస్తదే?' అని అడిగితే, 'వస్తే వస్తది బిడ్డా, లేకుంటే లేదు' అంటది.

అరబ్బు దేశం దగ్గరైన ఊరికి జిల్లా కేంద్రం దూరమైంది. ఇది భూగోళం చేసిన పని కాదు.

2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాలకు పోయే ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద అదుపు తప్పి లోయలో పడ్డది. 60 మందికి పైగా చనిపోయిన్రు. ఎక్కువ మంది ఆడవాళ్లు. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, డబ్బుతిమ్మాయిపల్లి, రాంసాగర్, అన్నీ కొడిమ్యాల మండలం ఊళ్లే. టీవీలు రెండు మూడు రోజులు బ్రేకులు, డ్రైవర్, మలుపు అని మాట్లాడినయి. అవన్నీ అడగవలసిన ప్రశ్నలే. కానీ యాభై మంది చిల్లర పట్టే బండిలో వంద మందికి పైగా ఎందుకున్నరు? వాళ్లకు లెక్క తెల్వక ఎక్కిన్రా? దవాఖానకు పోవాల్సినోళ్లు, బజారు పని ఉన్నోళ్లు, ఆ బస్సు పోతే ఆ రోజు పనే పోతది కాబట్టి ఎక్కిన్రు. నిలబడటానికి జాగ లేదని దిగిపోయే హక్కు, వెనుక ఇంకో బస్సు ఉన్నోళ్లకే ఉంటది.

ఆ సంగతి మీద మన సాహిత్యంలో ఎంత వచ్చింది? కొన్ని కవితలు వచ్చినయి. అన్నిట్లో లోయ ఉంది, రక్తం ఉంది, అంజన్న కూడా ఉన్నడు. బస్సుల సంఖ్య లేదు. సంఖ్య కవిత్వానికి పనికిరాదు కాబోలు.

'మారుమూల' అన్న మాటతో నా పేచీ ఇదే. ఆ మాట రాయంగనే ఎవరి తప్పూ లేకుండ పోతది. ఊరు దూరంగ పుట్టింది, పాపం, అంతే. కానీ మా ఊళ్లు సర్కారుకు కనబడని ఊళ్లేమీ కావు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగితే, అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన్రు. నెల పదిహేను రోజులు కూడా పట్టలేదు. అప్పుడు ఏ ఊరూ మారుమూల కాలేదు, జీపు పోని వాడ లేదు. ఆ ఏండ్లల్లోనే గల్ఫ్‌కు దారి పడ్డది. కరువుకు కొందరు, దొరకు కొందరు, పోలీసుకు భయపడి కొందరు పోయిన్రు. పోయినోడు పైసలు పంపిండు, ఇల్లు కట్టిండు, చెల్లె పెండ్లి చేసిండు. ఊరికి భవిష్యత్తు అంటే పాస్‌పోర్ట్ అని అప్పటి నుంచే ఖాయమైంది.

'గల్ఫ్ మోజు' అని ఇంకో మాట రాస్తరు. మోజుకు ఎవడూ మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంట్‌కు కట్టడు. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. సిరిసిల్ల మరమగ్గాలు ఎన్నిసార్లు ఆగినయో, ఆగినప్పుడల్లా ఎంతమంది పోయిన్రో ఆ వాడలను అడగాలె. మా పొలాల్లో మక్క ఏస్తే కోతులకు సగం. (కోతుల గురించి రాస్తే నవ్వుతరు. కంకి పట్టే టైముకు చేన్ల కావలి కూచున్నోడు నవ్వడు.) మా మండలంలోనే నాచుపల్లి దగ్గర జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నది, 2007లో పెట్టిన్రు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చదువుతున్నరు. ఆ గేటు ముందు నుంచి బ్యాగు భుజానేసుకొని శంషాబాద్‌కు పోయే మా పిల్లలు ఎక్కువ మంది టెన్త్ దగ్గరే ఆగినోళ్లు.

వాళ్లకు చావు ఖరీదు మాత్రం కాయితం మీద పక్కాగ ఉన్నది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో పోతే 10 లక్షలు. నిద్రలో గుండె ఆగి పోతే అది ప్రమాదం కాదు. యాభై డిగ్రీల ఎండలో పనిచేసి వచ్చి పండుకున్నోని గుండె ఎందుకు ఆగిందో ఆ కాయితం అడగదు. గల్ఫ్‌లో ఎట్లా చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు అని రాష్ట్ర ప్రభుత్వం 2024లో జీవో ఇచ్చింది. ఏండ్ల కొద్దీ కొట్లాడితే వచ్చింది కాబట్టి దాన్ని తక్కువ చెయ్య. కానీ శవపెట్టె శంషాబాద్‌లో దిగితే ఇంటిదాక అంబులెన్స్ దొరుకుతది, బతికున్న ముసలోడు బీపీ గోలీలకు పోవాలంటే బండి దొరకదు.

ఇంట్ల మిగిలిన ఆడవాళ్లు బీడీలు చేస్తరు. వాళ్లను కథల్లో 'ఎదురుచూపు' అని రాస్తరు. వాళ్లు ఎదురుచూస్తలేరు, చాట ముందట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తున్నరు. బీడీ పింఛను కావాలంటే 2014 ఫిబ్రవరి 28 లోపు పీఎఫ్ ఉండాలె. ఆ తేదీ తర్వాత చాట పట్టిన కోడలు పక్కనే కూచొని అదే బీడీ చుట్టినా ఆమెకు రాదు. ఈ కోడలి మీద కథ ఎవరన్న రాస్తే చదవాలని ఉన్నది.

'ఊరికి వాపస్ రండి, మట్టిని నమ్ముకోండి' అనేటోళ్ల మీద కూడా నాకు గౌరవం లేదు. ఆ మాట అనేది చాలాసార్లు హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్నోళ్లే. నేనూ కరీంనగర్‌లో ఉంటున్న, వాపస్ పోలేదు, నాకూ ఆ మాట అనే అర్హత లేదు. నేననేది చిన్న సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యింది. మంచి పథకమే, మా అక్కచెల్లెండ్లు సంతోషపడ్డరు. కానీ టికెట్ ఫ్రీ అనేది బస్సు వచ్చే ఊరికే వర్తిస్తది. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి వచ్చే ఊళ్లకు కావలసింది మధ్యాహ్నం ఇంకొకటి. కొడిమ్యాలలోనే రాత్రి కూడా చూసే డాక్టర్ కావాలె. ఎంత చిన్న కోరికలో చూడండి. ఇవి అడిగే మనిషిని కథలో పెడితే కథ నినాదమైతదట, ముసలవ్వను చెట్టు కింద కూచోబెడితే కళ అట.

ఇంతకూ ఆ కథలో ముసలవ్వ చింతచెట్టు కింద ఎందుకు కూచున్నదో మిత్రుడు రాయలేదు. కొడుకు కోసం అనుకొమ్మని చదివేటోళ్లకు వదిలేసిండు. మా దగ్గర పొద్దున్నే మందుల చీటీ కొంగున ముడేసుకొని చెట్టు కింద కూచునేది బస్సు కోసం.