వినడం ఒక్కరి భారమేనా?

ఉప్పల్, నాచారం బస్తీలకు కూతవేటు దూరంలోనే సీసీఎంబీ, ఇఫ్లూ, ఉస్మానియా ఉన్నాయి. ఇంతటి చదువుల నేల మీద, వినికిడి లోపం ఉన్న స్త్రీ పరిశోధకురాలిగా, అధ్యాపకురాలిగా నిలదొక్కుకోవాలంటే ఎన్ని గడపలు దాటాలి?

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు అంటుంది మన సామెత. చెవికీ తెలివికీ ముడిపెట్టే ఈ ఆలోచన ఆడపిల్లల విషయంలో మరింత క్రూరంగా పనిచేస్తుంది. పెళ్లి కాదేమోనన్న భయంతో చెవి మిషన్‌ను జుట్టు చాటున దాచమంటారు. దాచిన అవసరం హక్కుగా ఎలా మారుతుంది?

చట్టం లేకపోలేదు. 1995 చట్టం వికలాంగులకు ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసి, అందులో ఒక శాతం బధిరులకు, వినికిడి తగ్గినవారికి ఇచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల సీట్లలో కనీసం 5 శాతం వికలాంగులకు దక్కాలంది. కానీ సీటు దొరకడం వేరు, సెమినార్‌లో పాలుపంచుకోవడం వేరు. చెవి మిషన్ మాటతో పాటు ఫ్యాను చప్పుడునూ పెంచుతుంది. వక్త బోర్డు వైపు తిరిగితే పెదవుల కదలిక కనపడదు. నలుగురూ ఒకేసారి మాట్లాడితే చర్చే చేజారిపోతుంది. ఆ అలసటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తగిన సదుపాయాలు కల్పించడం ప్రభుత్వ సంస్థల బాధ్యత అని 2016 చట్టమే చెబుతోంది. అది దయ కాదు.

సైగల భాషలో పదాలు లేవన్న సాకూ చెల్లదు. 2021 నాటికే భారతీయ సైగల భాష నిఘంటువు 10,000 పదాలకు చేరింది.

అమెరికాలోని గాలోడెట్ 1864లో మొదలైన బధిరుల విశ్వవిద్యాలయం. 1988లో అక్కడ వినగలిగే ఒక మహిళను అధ్యక్షురాలిగా ఎంపిక చేస్తే విద్యార్థులు తిరగబడి, బధిరుడైన కింగ్ జోర్డాన్‌ను తొలిసారి ఆ పదవికి తెచ్చుకున్నారు. స్త్రీ అయినంత మాత్రాన అందరి తరఫునా మాట్లాడలేదన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

కాబట్టి కళాశాలలను నిలదీద్దాం. ప్రశ్నలు రాసివ్వండి, ఒక్కొక్కరే మాట్లాడండి, సైగల దుబాసీని నియమించండి, తెర మీద అక్షరాలు చూపండి అని అడుగుదాం. ఈ పద్ధతులను మన సభల్లో, శిక్షణా తరగతుల్లో ముందుగా అమలు చేద్దాం. వినిపించేలా చేయడం అందరి పని.